చక్రవడ్డీ చుట్ట

క్రితం సంచికలో డిపాజిట్లకు నామినేషను వేయించుకోండని రాశాను గదా! అది చదివి, మన సంఘం సభ్యురాలు ఒకావిడ సంక్రాంతి పేరంటంలో మా ఆవిడతో అన్నదట: "అన్నయ్యకు డబ్బు తప్ప వేరే ధ్యాస లేదా వదినా?" అని.

ఉంది చెల్లెమ్మా. గత మూడు నెలలుగా నా ధ్యాసంతా ఇనుము మీదే ఉంది. కుడిచేతి చూపుడు వేలి మీద బొబ్బ, రెండు చొక్కాలకు పడిన చిల్లులు అందుకు సాక్ష్యం. అయితే ముందే మనవి చేసుకుంటున్నాను. ఇనుముతో మొదలుపెట్టినా దారిలో ఒకసారి వడ్డీ దగ్గర ఆగక తప్పదు. పుట్టుకతో కమ్మరి ఇంటివాణ్ణి, పొట్టకూటికి బ్యాంకువాణ్ణి. రెండూ వదలవు.

మా తాతలది మెట్‌పల్లి వైపు పల్లె. అక్కడికి దగ్గర్లోనే కమ్మర్‌పల్లి, కోనసముద్రం ఉన్నాయి. పేరులోనే కమ్మరి ఉన్న ఊరు ఒకటి, ఉక్కుకు పేరు మోసిన ఊరు ఇంకొకటి. కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవారు. వాయిసీ అనే ఇంగ్లీషు అధికారి ఆ పని దగ్గరుండి చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. డమాస్కస్ కత్తులని లోకం పొగిడిన వాటికి ముడిసరుకు ఇలాంటి మన ఊళ్ల కొలుముల్లోదే. ఇంగ్లీషువాళ్లు 'వూట్జ్' అని రాసుకున్న మాట మన 'ఉక్కు'కు పట్టిన వంకరే.

తరువాత సీమ ఇనుము వచ్చింది, మన కొలుములు చల్లారాయి. 1929లో కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలుమార్గం పూర్తయింది. ఆ దారినే ఎంతోమంది మనవాళ్లు ఈ చాందా జిల్లా బొగ్గుగనులకు, కాగితం మిల్లుకు వచ్చి చేరారు. ఈ పత్రిక చదువుతున్న వారిలో సగం ఇళ్ల కథ ఇదే. మా బాపు కూడా అట్లాగే వచ్చి ఒక గని వర్కుషాపులో కమ్మరిగా చేరాడు. గునపాలకు మొనలు సాగదీయడం, బొగ్గు తొట్ల కొక్కేలు బాగుచేయడం ఆయన పని. డ్యూటీ దిగి ఇంటికి వచ్చాక పెరట్లో వేపచెట్టు కింద తన సొంత కొలిమి ముందు కూర్చునేవాడు. అక్కడ మాత్రం తనకు నచ్చిన పని చేసేవాడు.

ఆయనకు నచ్చిన పని ఒకటే. ఇనుప చుట్టలు.

గేట్ల మీద, కిటికీ ఊచల మధ్య, మెట్ల పక్క కటకటాల్లో తీగలాగా మెలిదిరిగి మధ్యకు చుట్టుకుపోయే వంకీలు చూస్తారు గదా, వాటిని మా ఇంట్లో చుట్టలనే అనేవాళ్లం. మా అవ్వ నవ్వేది: "మీ బాపుకు రెండు రకాల చుట్టలున్నయి. రెండూ కాల్చేటియే. ఒకటి నోట్లె, ఒకటి కొలిమిల."

1983 వేసవిలో, నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నప్పుడు, బాపు మా ఇంటి గేటు చేశాడు. చంద్రపూర్ ఎండ సంగతి మీకు చెప్పాలా! మే నెలలో 46, 47 డిగ్రీలు. అందుకని తెల్లవారుజామున నాలుగింటికి కొలిమి రాజేసేవాడు. నేను బ్లోయరు పిడి తిప్పేవాణ్ణి. వర్కుషాపులో ఆయనకు సమ్మెట కొట్టే ఆయన వచ్చి సాయం పట్టేవాడు. ఆయన్ని మేము మామా అని పిలిచేవాళ్లం. పన్నెండు రోజుల్లో రెండు రెక్కల గేటు, ఇరవైనాలుగు చుట్టలతో తయారైంది. ఎక్కడా వెల్డింగు లేదు. చుట్టకూ చుట్టకూ మధ్య ఎర్రగా కాల్చిన చిన్న పట్టీని బిగించి చుట్టేవాడు. అది చల్లారుతూ ముడుచుకుని, పట్టుకున్న పట్టు నలభై ఏళ్లయినా వదల్లేదు.

* * *

మొన్న దీపావళికి ముందు ఒక నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తూ ఆ గేటుకు గుద్దుకుంది. ఒక చుట్ట నలిగి ఊడిపోయింది. ఆ ఇంట్లో ఇప్పుడు మా తమ్ముడి కుటుంబం ఉంటోంది. తమ్ముడు ఫోనులో అన్నాడు: "అన్నా, ఇగ తీసేద్దాం. లేజరు కటింగు గేట్లు వస్తున్నయి. డిజైను కంప్యూటర్ల ఎంచుకుంటే నాలుగు రోజుల్ల ఇంటికొస్తది."

తప్పేముంది? వాడు రోజూ ఆ బరువు గేటు తెరిచి మూసేవాడు. నేను దూరం నుంచి ముచ్చటపడేవాణ్ణి. అయినా ఎందుకో మనసొప్పలేదు. "ఒక్క చుట్టే గదా, వేయిస్తా ఆగు" అన్నాను.

వెల్డింగు షాపుకు వెళ్లాను. తయారు చుట్టలు కిలోల లెక్కన ఉన్నాయి. షాపు కుర్రాడు మంచివాడు. దగ్గరి సైజు ఏరి గేటుకు ఆనించి చూపించాడు. పట్టుచీర అంచుకు నైలాను ముక్క అతికినట్టుంది. "సాహెబ్, ఇంతకన్నా దగ్గరిది దొరకదు. ఇది చేత్తో చేసింది" అన్నాడు మరాఠీలో. ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. నేనే చేస్తానని ప్రకటించాను. కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు అంటారే, నేను అంతకంటె ఒక మెట్టు ఎక్కువ. కమ్మరి ఇంట్లో పుట్టి, సూది కూడా చేయడం రానివాణ్ణి.

బాపు పోయింది 2008లో. ఆయన దాగలి, పట్టకార్లు, సుత్తులు గోనెపట్టా కింద వేపచెట్టు దగ్గరే ఉన్నాయి. ఆదివారాలు అక్కడికి వెళ్లి కొలిమి రాజేయడం మొదలుపెట్టాను. మా ఆవిడ ఒకటే అంది: "రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. కళ్లకు ఇప్పుడే రిటైర్మెంటు ఇవ్వకండి." కళ్లద్దాలు పెట్టుకున్నాను. ఆ మాట విన్నందుకు ఈనాటికీ ఆమెకు రుణపడి ఉన్నాను. ఎర్రని ఇనుము మీద దెబ్బ పడగానే పైనుండే పొక్కు చిటపటమని ఎగిరి ఎటు వచ్చి పడుతుందో చెప్పలేం.

మొదటి ఆదివారం ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, అయిదు మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని కాల్చి, దాగలి అంచున వంచబోయాను. అది వంగింది, కాని చుట్ట కాలేదు. మోకాలు మడిచినట్టు ఒకేచోట విరుపు తిరిగింది. కారణం తర్వాత తెలిసింది. కొలిమిలో ఒక్క జానెడు మేర బాగా కాలి, మిగతాది సగం కాలితే, ఎక్కడ ఎక్కువ వేడి ఉందో ఇనుము అక్కడే లొంగుతుంది. సమంగా కాలితేనే సమంగా వంగుతుంది.

రెండో ఆదివారం సమంగా కాల్చాలని గాలి ఎక్కువ కొట్టాను. తెల్లగా మెరిసి, కాకరపువ్వొత్తిలాగా రవ్వలు రాల్చింది. తీసి చూస్తే చివర బెండులా పొరలు పొరలు. ఇనుము కూడా మాడుతుందని ఆ రోజు తెలిసింది. నారింజ రంగు చాలు. ఎరుపు తగ్గిందంటే మళ్లీ కొలిమిలో పెట్టాలి. పని ఆగిపోతుందని కొడుతూ పోతే పగులుతుంది.

మూడో ఆదివారం బొబ్బ. ఎర్రదనం పోయి నల్లబడ్డ ముక్కను, చల్లారిందనుకుని చేత్తో తీశాను. పిల్లలూ, ఇది చదివే పెద్దలూ గుర్తుంచుకోండి. ఎర్రటి ఇనుమును ఎవరూ ముట్టుకోరు. కాల్చేది నల్లటి ఇనుమే.

నాలుగో వారానికి అహంకారం చల్లారి, బల్లార్‌పూర్ వెళ్లి మామను వెతుక్కున్నాను. డెబ్బై దాటాడు. వినికిడి తగ్గింది. సమ్మెట కొట్టినవారికి చెవులు ముందే పోతాయి. నా వేలు చూసి పెద్దగా నవ్వాడు. "సల్లగైందనుకున్నవా అల్లుడా? మీ బాపు నన్ను గిట్లనే నవ్విండు."

మరుసటి ఆదివారం ఆటోలో తీసుకొచ్చి వేపచెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆయన చెప్పాడు, నేను చేశాను.

మొదట చివరను సాగదీయాలి. పట్టీని ఉన్న మందంలోనే చుడితే మధ్యలో మొద్దులాగా ఉంటుంది. చివర జానెడు మేర క్రమంగా పలచబరచి, కొసను చేపతోకలా కొంచెం విప్పాలి. ఇక వంచేటప్పుడు దాగలి అంచు దాటి కొసను బయటికి పెట్టి, పైనుంచి మెల్లగా తట్టాలి. కొస కిందికి వాలగానే పట్టీ తిరగేసి, ఇప్పుడు పైకి లేచిన కొసను తనవైపుకు తట్టుకుంటూ రావాలి. నిలువుగా బాదితే నలుగుతుంది, వాలుగా తడితే చుట్టుకుంటుంది. కొస చుట్టుకున్న తరువాత దాని మీద మాత్రం చెంబుతో నీళ్లు పోయాలి. అది గట్టిపడి, ఆ తరువాతి ఎర్రటి భాగం ఒక్కటే వంగుతుంది. ఆ పైన రెండు మేకుల్లాంటి కవ్వం మధ్య పట్టీని ఇరికించి కొంచెం కొంచెంగా తిప్పుకోవాలి.

"కొడుతలేవు అల్లుడా, బతిమాలుతున్నవు. ఇనుమును బతిమాలద్దు, బెదిరియ్యద్దు" అన్నాడు మామ.

నాకు ఇది బ్యాంకు రికవరీ సెక్షనుకు కూడా వర్తిస్తుందనిపించింది.

* * *

అయిదో ప్రయత్నంలో చుట్ట వచ్చింది. చక్కగా మూడు మెలికలు. గేటుకు పెట్టి చూస్తే రెండు తప్పులు. ఒకటి, దాదాపు ఏడు సెంటీమీటర్ల పట్టీ మిగిలి చట్రం బయటికి తోకలా వచ్చింది. రెండోది, పక్క చుట్టలతో కలవలేదు. నాది దోమలబత్తిలా ఉంది. బాపువి పొట్టేలు కొమ్ములా ఉన్నాయి.

పొడవు దగ్గర నేను తప్పు చేశానంటే నమ్మలేకపోయాను. లెక్క నా ఇలాకా గదా! లోపలి మెలిక అడ్డం 32 మిల్లీమీటర్లు, బయటి మెలిక అడ్డం 108. సరాసరి 70. దాన్ని 22/7తో గుణిస్తే 220. మూడు మెలికలకు 660. అంటే 66 సెంటీమీటర్లు. సేవింగ్సు ఖాతా సరాసరి నిల్వ కట్టినంత ధీమాగా కట్టాను.

మామ ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి ఒక పురికొస తీసి, తడిపి, బాపు చుట్ట ఒకదాని మీద కొస నుంచి కొస దాకా పరిచాడు. తీసి నేల మీద చాచాడు. టేపు పెట్టి చూశాను. 59 సెంటీమీటర్లు!

అడ్డాలు అవే, మెలికలు అవే. ఏడు సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయి?

స్కేలు పట్టుకుని గేటు ముందు చతికిలబడ్డాను. నడిబొడ్డు నుంచి ఒకే గీత మీద బాపు చుట్ట ఒక్కో మెలిక ఎంత దూరంలో ఉందో కొలిచాను. 16, 24, 36, 54 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. మెలికల మధ్య దూరం 8, 12, 18. పక్క చుట్ట కొలిచాను, అదే తీరు. తరువాత నాది కొలిచాను. 16, 29, 41, 54. అన్ని మెలికలకూ ఒకే ఎడం, పన్నెండు పదమూడు.

బ్యాంకులో పనిచేసేవారికి ఈ అంకెలు చూడగానే తెలిసిపోవాలి. నాకు తెలియడానికి పది నిమిషాలు పట్టింది. నాది బారువడ్డీ. ఏటా అసలుకు ఒకే మొత్తం కలుస్తూ పోతుంది. బాపుది చక్రవడ్డీ. 16కు సగం కలిపితే 24, 24కు సగం కలిపితే 36, 36కు సగం కలిపితే 54. మెలికకు 50 శాతం చొప్పున పెరుగుతోంది. చక్రవడ్డీలో తొలి ఏళ్లలో నిల్వ చాలాకాలం చిన్నదిగానే ఉండి, చివర్లో ఒక్కసారి పెరుగుతుంది. అట్లాగే ఈ చుట్ట ఎక్కువసేపు లోపలే తిరుగుతుంది గనుక మొత్తం పొడవు తక్కువ. సరాసరి పద్ధతి బారువడ్డీకి సరిపోతుంది, దీనికి సరిపోదు. ఏడు సెంటీమీటర్ల తేడా అక్కడ పుట్టింది.

మామను అడిగాను: "మామా, బాపు ఈ లెక్క ఎట్ల కట్టేటోడు?"

"లెక్కా? లెక్కెక్కడిది! ముందటి సందుకు దాని సగం కలిపి ఇడువు అనేటోడు. గంతే."

మా బాపు మూడో తరగతి దాటలేదు. నేను బీకాం. ఆ గేటు ముందు నేల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

తరువాత ఇంటికి వచ్చి ఇంకొంచెం చదివాను. ఈ రెండు చుట్టలకూ గణితంలో పేర్లున్నాయి. సమానమైన ఎడంతో పెరిగేదాన్ని రెండువేల రెండువందల ఏళ్ల కిందటే ఆర్కిమిడీస్ వివరించాడు. దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. రెండోదాన్ని లాగరిథమిక్ చుట్ట అంటారు. దాని గొప్పతనం ఏమిటంటే, ఎంత పెరిగినా ఆకారం మారదు. పెద్దది చేసి చూసినా, చిన్నది చేసి చూసినా ఒకే తీరు. పొట్టేలు కొమ్ముకూ, శంఖానికీ ఆ పోలిక వచ్చేది అందుకే. ప్రాణమున్నవి పెరిగేటప్పుడు ఉన్నదానికి తగినంత కలుపుకుంటాయి.

స్విట్జర్లండులోని బాజెల్ నగరపు పండితుడు జాకబ్ బెర్నూలీకి ఈ చుట్ట అంటే ప్రాణం. చిత్రమేమిటంటే, చక్రవడ్డీ మీద 1683లో లోతుగా లెక్క కట్టినవాడూ ఆయనే. రూపాయికి నూటికి నూరు వడ్డీ అనుకుందాం. ఏడాదికొకసారి కలిపితే రెండు రూపాయలు. ఆరునెలలకొకసారి కలిపితే 2.25. మూడునెలలకు కలిపితే 2.44. నెలనెలా కలిపితే 2.61. రోజూ కలిపితే 2.71. ఎన్నిసార్లు కలిపినా 2.72 దాటదు. ఆ హద్దు అంకె ఈనాటికీ గణితానికి మూలస్తంభం. ఇంతకూ, తన సమాధి మీద ఆ పెరిగే చుట్ట చెక్కమని బెర్నూలీ కోరుకున్నాడు. ఆయన 1705లో పోయాడు. రాతిపనివాడు మాత్రం సమాధి మీద సమానమైన ఎడం ఉన్న ఆర్కిమిడీస్ చుట్టనే చెక్కిపెట్టాడు. బాజెల్ చర్చిలో ఇప్పటికీ అదే ఉంది. బెర్నూలీ సమాధికి నా లాంటివాడు దొరికాడు. బాపు లాంటివాడు దొరికి ఉంటే ఆ మహానుభావుడికి శాంతి కలిగేది.

ఈ విద్యను లోకం తక్కువగా చూడలేదు. ఫ్రాన్సు నుంచి ఇంగ్లండు వెళ్లిన జాఁ టిజూ అనే ఇనుప పనివాడు అక్కడి హాంప్టన్ కోర్టు రాజభవనానికి లతలూ చుట్టలతో ఇనుప తెరలు చేశాడు. తన నమూనాలను 1693లో పుస్తకంగా వేయించాడు. అంత దూరం ఎందుకు? మన గడ్చిరోలి దాటితే బస్తరు. అక్కడి కొండాగావ్ కమ్మరులు వెల్డింగు లేకుండా సుత్తితో సాగదీసి చేసే దీపపు సెమ్మెలు, జింకలు దేశమంతా అమ్ముడుపోతాయి. బస్తరు ఇనుప పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

* * *

ఇంతవరకు సంతోషంగా రాశాను. ఇక రాయకుండా ఉండలేని మాట ఒకటుంది.

1994లో బాపు రిటైరయ్యాడు. నేను అప్పటికి బ్యాంకులో చేరి నాలుగేళ్లు. ఒక రాత్రి భోజనాలయ్యాక బాపు నా దగ్గరికి ఒక కాగితం తెచ్చాడు. దాని మీద పెన్సిలుతో గేట్ల బొమ్మలు, అన్నీ చుట్టలే. "కరెంటు బ్లోయరు, ఇంకో దాగలి కొంటె దుకాణం పెట్టచ్చు. మీ బ్యాంకుల లోను ఇస్తరా బిడ్డా?" అన్నాడు. నాతో ఏదైనా అడగడం అదే మొదలు.

నేను కొత్తగా నేర్చిన విద్య ప్రదర్శించాను. గేటుకు ఎన్ని రోజులు? పన్నెండు. వెల్డింగు షాపువాడికి? రెండు. రోజుకూలి ఇంత, బొగ్గు ఇంత, ఇనుము ఇంత. అయిదు నిమిషాల్లో అదే కాగితం వెనక నష్టం తేల్చి చూపించాను. "లాభం లేదు బాపూ. మార్కెట్టు లేదు" అన్నాను.

ఆయన కాగితం తీసుకుని, మడిచి, "సరే బిడ్డా" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నేను కట్టిన లెక్కలో తప్పు లేదు. ఈనాడు కట్టినా అదే వస్తుంది. కాని దరఖాస్తు ఫారమైనా తెచ్చి ఇవ్వలేదు. ఆయన చేసిన పని చూడటానికి వేరొక అధికారి గేటు దాకా వచ్చేవాడేమో. లేదంటే 'లేదు' అన్న మాట కొడుకు నోటి నుంచి కాకుండా బ్యాంకు నుంచి వచ్చేది. ఇరవైనాలుగు చుట్టల గేటు తెరుచుకుని రోజూ ఆఫీసుకు వెళ్తూ, మార్కెట్టు లేదని చెప్పాను. ఆ చుట్టలో ఏముందో ఒక్కసారైనా స్కేలు పెట్టి చూడలేదు. చూడటానికి నాకు ముప్ఫై ఏళ్లు, ఒక నీళ్ల ట్యాంకరు కావలసి వచ్చాయి.

1997లో మా అమ్మాయి బారసాలకు బాపు ఉయ్యాల కొక్కేలు చేసిచ్చాడు. ఒక్కోదాని కింద చిన్న చుట్ట. అవి ఇప్పటికీ మా ఇంటి దూలానికి ఉన్నాయి. మొన్న నిచ్చెన వేసుకుని ఎక్కి కొలిచాను. 8, 12, 18. గేటు చుట్టకు సరిగ్గా సగం. దుకాణం పెట్టలేదు, లోను రాలేదు. ఆయన వడ్డీ రేటు మాత్రం మారలేదు.

నిచ్చెన పట్టుకున్న మా ఆవిడ అడిగింది, "ఏమైందండీ, దిగరేం?" అని. కళ్లలో నలుసు పడిందన్నాను. ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకోలేదు మరి.

* * *

ఇప్పుడు కాలం కొంత మారింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది చేతివృత్తులున్నాయి. కమ్మరం వాటిలో ఒకటి. హామీ లేకుండా మొదటి విడత లక్ష రూపాయల దాకా, పద్దెనిమిది నెలల్లో తీర్చాలి. అది సక్రమంగా తీర్చినవారికి రెండో విడత రెండు లక్షల దాకా. లబ్ధిదారుకు వడ్డీ 5 శాతం. పనిముట్లకు 15,000 రూపాయల దాకా విడిగా సాయం ఉంది. మన సంఘంలో వడ్రంగం, కమ్మరం, కంసాలి పని, కుమ్మరం, కుట్టుపని చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎవరికైనా దరఖాస్తు దగ్గర సందేహం ఉంటే సంఘం ఆఫీసులో ఆదివారం సాయంత్రం నేనుంటాను. లెక్క కట్టకుండా లోను ఇప్పిస్తానని మాట ఇవ్వను. కాని లెక్కకు ముందు మీరు చేసిన వస్తువు ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టండి. ముందు దాన్ని చూస్తాను. ఇది నేను నాకు పెట్టుకున్న నిబంధన.

పిల్లలకు ఒక పని. కాగితం మధ్య చుక్క పెట్టి, దాని నుంచి ఒకే గీత మీద 16, 24, 36, 54 మిల్లీమీటర్ల దగ్గర గుర్తులు పెట్టండి. ఒక గుర్తు నుంచి బయలుదేరి చుక్క చుట్టూ పూర్తిగా తిరిగి తరువాతి గుర్తును చేరేటట్టు గీత గీయండి. పక్కన ఇంకో కాగితం మీద 16, 29, 41, 54తో గీయండి. రెంటి మీదా తడిపిన దారం పరిచి పొడవు కొలవండి. చక్రవడ్డీ అంటే ఏమిటో ఇక ఏ మాస్టారూ చెప్పనక్కరలేదు.

ఇంతకూ గేటు సంగతి. ఎనిమిదో ప్రయత్నంలో, 59 సెంటీమీటర్ల చుట్ట, ముందటి సందుకు సగం కలుపుతూ వచ్చింది. మూడో మెలికలో ఒకచోట కొంచెం చప్పిడైంది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నడుస్తది" అన్నాడు. పట్టీ ఎర్రగా కాల్చి బిగించి, మొత్తం గేటుకు నల్లరంగు వేయించాను. తమ్ముడు డ్యూటీ నుంచి వచ్చి, గేటు ముందు బండి ఆపి, ఒక్కసారి చూసి సరిగ్గా దాని మీదే వేలు పెట్టాడు.

"ఇదేనా అన్నా నువ్వు చేసింది?"

"ఎట్ల గుర్తుపట్టినవురా? రంగు కూడా వేయించిన గదా!"

"కడమ ఇరవైమూడు బాపువి గదన్నా."

ఆ తరువాత లేజరు గేటు మాట వాడు ఎత్తలేదు. కారు పెట్టే వైపు కొత్తది పెట్టుకుంటాడట. ఇది మాత్రం వీధి వైపే ఉంటుంది.

మీ ఇంట్లో కూడా పెద్దలు చేత్తో చేసిన వస్తువు ఏదో ఒకటి ఉంటుంది. రోకలి కావచ్చు, గొంగడి కావచ్చు, కొడవలి కావచ్చు. ఒకసారి దారం పెట్టి కొలిచి చూడండి. ఏ లెక్క దొరికితే అది నాకు రాయండి, వచ్చే సంచికలో ప్రచురిద్దాం. లాకర్ల నిబంధనల గురించి అడిగిన మిత్రులకు కూడా అప్పుడే జవాబు చెబుతాను. అంతవరకు సెలవు.